ఆకాశం మీద చార

అరెస్టయిన మొదటి రోజంతా కెమెరా మెకానిక్ నోటికి తాళం పడలేదు. తనకేమీ తెలియదని ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాడు, కానిస్టేబుళ్లకి చెప్పాడు, టీ తెచ్చిన మనిషికి చెప్పాడు, ఆఖరికి పక్క గదిలో ఉన్న జేబుదొంగకి కూడా పూసగుచ్చినట్టు చెప్పాడు. రెండో రోజు మధ్యాహ్నం నుంచి ఉన్నట్టుండి మాట పడిపోయినవాడిలా కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని నేరం ఒప్పుకోవడం కిందే జమకట్టాడు. డిటెక్టివ్ స్టేషన్‌కి వచ్చేసరికి కాగితాలన్నీ సిద్ధమయ్యాయి. మర్నాడు పొద్దున అతన్ని కోర్టుకి పంపడమే తరువాయి.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. ఒక ఫోటో స్టూడియో. దాని యజమాని పెద్దాయన ఒక గురువారం సాయంత్రం మేడమెట్ల కింద చనిపోయి కనిపించాడు. చేతిలోని కెమెరా ముక్కలై పక్కనే పడి ఉంది. కాలు జారి ఉంటుందని అందరూ అనుకున్నారు. పది రోజుల తర్వాత వచ్చిన పోస్ట్‌మార్టం రిపోర్టు మాత్రం కాదంది. తల వెనక తగిలిన దెబ్బ మెట్టు అంచుది కాదట, గుండ్రటి ఇనప కడ్డీదట. స్టూడియోలో లైట్లు నిలబెట్టే స్టాండ్లకి అలాంటి కడ్డీలే ఉంటాయి. ఆ సాయంత్రం ఎవరెక్కడ ఉన్నారన్న విచారణ అప్పుడు మొదలైంది.

మెకానిక్ ఆ పెద్దాయనకి బావమరిది. స్టూడియో మేడ మీద వెనక గదిలో కూర్చుని కెమెరాలు బాగుచేస్తాడు. అక్క పోయాక ఆమె కూతుర్ని అన్నీ తానై పెంచాడు. స్టూడియో రెండో తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. పెద్దాయన చనిపోవడానికి ముందురోజు ఇద్దరూ గొడవపడ్డారనీ, "నువ్వు చచ్చినా మారవు బావా" అని మెకానిక్ అరిచాడనీ కింది కొట్టువాళ్లు చెప్పారు. ఆ మాటకే అరెస్టు చేసేట్టయితే ఊళ్లో సగం మంది స్టేషన్లోనే కాపురం పెట్టుకోవాలని డిటెక్టివ్ అంది. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు.

ఆమెని ఈ కేసులోకి పిలిచింది పెద్దాయన కూతురు. మావయ్య చీమకి కూడా హాని తలపెట్టడని ఆ అమ్మాయి గట్టి నమ్మకం. అలాంటి నమ్మకాలు డిటెక్టివ్ చాలా చూసింది. ఆమెకి ఇన్నేళ్లూ కూడు పెట్టింది హత్యలు కాదు, ఒకరి మీద ఒకరికి అనుమానం పట్టుకున్న భార్యాభర్తలు. వాళ్ల తరఫున కార్లో కూర్చుని, చెట్ల చాటున నిలబడి, ఆమె తీసిన ఫోటోలకి లెక్కలేదు. మెడలో ఎప్పుడూ వేలాడే భూతద్దం వల్ల స్టేషన్లో ఆమెకి భూతద్దంగారని పేరు. ఎదురుగా మాత్రం మేడమ్ అంటారు.

రెండో రోజు మధ్యాహ్నం ఏం జరిగిందని ఆమె కానిస్టేబుల్‌ని అడిగింది. జరగడానికేం లేదన్నాడు కానిస్టేబుల్. పెద్దాయన అల్లుడు తెచ్చిచ్చిన ఫోటోలని ఇన్‌స్పెక్టర్‌గారు ముద్దాయి ముందు పడేసి, నీ మేనకోడలి మొగుడు తనెక్కడున్నాడో రుజువు చూపించాడు, నువ్వేం చూపిస్తావని గద్దించారు. మెకానిక్ ఒక ఫోటో తీసుకుని చాలాసేపు చూశాడు. తిరిగి ఇచ్చేశాడు. అంతే, ఆ తర్వాత ఇంతవరకు మాట లేదు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

ఆ ఫోటో తననీ చూడనివ్వమంది డిటెక్టివ్. అల్లుడిది కూడా ఫోటోల వృత్తే. భవనాలు తీయడంలో పేరున్నవాడు. ఆ గురువారం సాయంత్రం తను ఊరికి ఆ చివరనున్న కొత్త లైబ్రరీ ఫోటోలు తీస్తున్నానని చెప్పాడు. కెమెరా మెమరీ కార్డు ఎక్కడో పెట్టానంటూ రెండు రోజులు వెతికి మరీ ఫోటోలు తెచ్చిచ్చాడు. ప్రతి దానిలోనూ కెమెరా వేసిన తేదీ ఉంది, టైము ఉంది. సరిగ్గా పెద్దాయన చనిపోయిన వేళ. ఇన్‌స్పెక్టర్ ఒక ఫోటోని అరఠావు కాగితమంత పెద్దది చేయించి పెట్టుకున్నాడు. కింద నాలుగంతస్తుల లైబ్రరీ, పైన మబ్బు తునక లేని ఆకాశం.

డిటెక్టివ్ భవనం వంక చూడలేదు. భూతద్దం పెట్టి ఆకాశాన్ని ఒక అంచు నుంచి వెతకడం మొదలుపెట్టింది.

"దొంగ అక్కడ లేడు మేడమ్, లాకప్‌లో ఉన్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పై అంచుకి దగ్గర్లో, కుడివైపున, ఆమె చెయ్యి ఆగింది. అక్కడ ఆకాశం రంగు పిసరంత మాసి ఉంది. వంకీ తిరిగిన సన్నటి చార. కడిగిన గాజుగ్లాసు తుడవకుండా వదిలేస్తే మిగిలే మరకలాంటిది. చారలోనే ఇరుక్కున్నట్టు రెండు చుక్కలు. ఇన్‌స్పెక్టర్‌కి చూపిస్తే పక్షులన్నాడు. ఆమె మిగతా ఫోటోలు కూడా అడిగి చూసింది. భవనం అటూ ఇటూ జరిగింది గాని, చార, చుక్కలు అన్నిటిలోనూ అదే చోట ఉన్నాయి. అంత ఓపికగా గాలిలో ఆగే పక్షులు ఉండవని చెప్పి, లాకప్ తలుపు తీయించింది.

మెకానిక్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పల్చటి మనిషి, చేతివేళ్లు పొడుగ్గా ఉన్నాయి. మేనకోడలు పంపిందని చెప్పినా తల ఎత్తలేదు. గొడవ దేనికని అడిగితే ఇంటి విషయం అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె ఇంకేమీ అడక్కుండా ఫోటో అతని ముందు పరిచి, చార మీద వేలు పెట్టింది.

"ఇది కెమెరా లోపలి మరక. బొమ్మ పడే సెన్సర్‌ని తడిపుల్లతో తుడిచి, తుడిచే మందు పూర్తిగా ఆరనివ్వకపోతే పడేది. అవునా?"

అతను ఆ వేలివంకే చూశాడు.

"మీ అల్లుడుగారి కెమెరా ఎవరు తుడుస్తారు?"

"నేనే." రెండు రోజుల తర్వాత అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. గొంతు బొంగురుపోయింది.

"ఇది ఎప్పుడు తుడిచారు?"

అతను ఫోటోని తిప్పి బోర్లా పెట్టాడు. "బుధవారం. బావ పోవడానికి ముందురోజు. తొందరలో సరిగ్గా తుడవలేదు. నా తప్పే."

అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయింది. బయటికి వచ్చిన డిటెక్టివ్‌కి ఆ జవాబు మింగుడుపడలేదు. మెకానిక్ తన పనిలో వంక పెట్టిన వాళ్లని మెట్ల దాకా తరిమి తిట్టే మనిషని ఊరంతా చెబుతుంది. పోయిన ఏడాది ఒక కెమెరాలో మరక ఉందన్న పాపానికి పెళ్లి ఫోటోగ్రాఫర్ ఒకడితో నెలరోజులు మాట్లాడలేదట. అలాంటివాడు అడిగీ అడగ్గానే తప్పు నాదేనని నెత్తిన వేసుకున్నాడు. పని సంగతి నిజమే కావచ్చు, రోజు సంగతిలో ఏదో దాస్తున్నాడని ఆమెకి అనిపించింది.

కెమెరా ఇంకా అల్లుడి ఇంట్లోనే ఉంది. పోలీసులు ఫోటోలు మాత్రమే తీసుకున్నారు. డిటెక్టివ్ అతని భార్యకి, అంటే పెద్దాయన కూతురికి ఫోన్ చేసి, భర్తకి చెప్పకుండా దాన్ని స్టూడియోకి తెమ్మంది. అతను పొద్దున్నే ఏదో పని మీద బయటికి వెళ్లాడని, తెస్తానని ఆ అమ్మాయి అంది. ఆ మాట చెవిన పడ్డ ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు. సాక్ష్యాన్ని ముట్టుకునేటప్పుడు పక్కన పోలీసు ఉండాలన్నది అతని పట్టుదల. సంతోషంగా రమ్మంది ఆమె.

స్టూడియో వెనక గది ఎలా ఉండాలో అలానే ఉంది. పొడుగాటి బల్ల, దాని మీద వంగే మెడ ఉన్న లైటు, రబ్బరు గాలిబుడ్డి, చిన్న సీసాలో తుడిచే మందు, ఒక్కొక్కటీ విడివిడిగా ప్యాకెట్లో ఉన్న చదునైన పుల్లలు. మెకానిక్ కూర్చునే స్టూలుకి దిండు కట్టి ఉంది. బల్ల మీద దుమ్ము లేదు. మావయ్య వచ్చేసరికి శుభ్రంగా ఉండాలని రోజూ తుడుస్తున్నానని కూతురు చెప్పింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ఏడ్చి ఏడ్చి ముఖం వాచి ఉన్నా మాట మాత్రం తడబడకుండా ఉంది. తండ్రి పోయినప్పుడు మొదటి నాలుగు రోజులు తనకి అన్నం కలిపి పెట్టింది మావయ్యేనని, అతను లేని ఇల్లు తన వల్ల కాదని ఆమె డిటెక్టివ్‌తో మొదటి రోజే చెప్పింది.

డిటెక్టివ్ కెమెరా తీసుకుని తెల్లగోడ ముందు నిలబడింది. లెన్సు కన్ను వీలైనంత సన్నగా మూసింది. బొమ్మ కుదరకుండా ఫోకస్ చెడగొట్టింది. బటన్ నొక్కి, అది తెరుచుకుని ఉన్నంతసేపూ కెమెరాని అటూ ఇటూ ఊపింది.

"చేతులు వణుకుతున్నాయా మేడమ్?" అని పరామర్శించాడు ఇన్‌స్పెక్టర్.

"గోడ మీది మరకలు చెరిగిపోవాలని ఊపుతున్నాను. కెమెరా లోపల అంటుకున్నది మాత్రం కెమెరాతో పాటే ఊగుతుంది కాబట్టి చెరగదు."

తీసిన ఫోటోని లాప్‌టాప్‌లో తెరిచారు. తెల్లటి తెర, పై అంచుకి దగ్గర్లో, కుడివైపున, వంకీ తిరిగిన చార, అందులో రెండు చుక్కలు. ఆమె లెన్సు మార్చి మళ్లీ తీసింది. చార కదల్లేదు, కాబట్టి మరక లెన్సుది కాదు. లెన్సు కన్ను బార్లా తెరిచి తీసింది. ఈసారి చార మాయమైంది. సెన్సర్ మీది మరకకి అదే గుర్తని ఆమె చెప్పింది. వెలుగు సన్నగా పడితేనే దాని నీడ కనిపిస్తుంది. భవనాలు తీసేవాళ్లు దగ్గరిదీ దూరందీ అన్నీ స్పష్టంగా రావాలని ఆ కన్ను ఎప్పుడూ సన్నగానే పెడతారు. చేతికి పట్టిన అలవాటు అది, మానమన్నా మానరు.

తర్వాత ఆమె లెన్సు విప్పి, లోపలి పరదా తెరిచిపెట్టి, లైటు వంచి సెన్సర్ మీద ఏటవాలుగా వేసింది. ఇన్‌స్పెక్టర్ భూతద్దం అడిగి తీసుకుని తనే చూశాడు. పై అంచంతా వెతికి, ఇక్కడ చారా లేదు గీరా లేదన్నాడు.

"కింది అంచున చూడండి. లోపల బొమ్మ తలకిందులుగా పడుతుంది."

అతను చూశాడు. ఉంది. తర్వాత స్టేషన్ నుంచి తెచ్చిన ఫోటోని తెర పక్కన పెట్టి, రెండు చారల వంకీలనీ వేలితో కొలిచి, నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టాడు. తను ఇంతవరకు అల్లుడి మాట మీద ఆ ఫోటోలు ఈ కెమెరావే అనుకున్నాననీ, ఇప్పుడు మేడమ్ దయవల్ల అది అక్షరాలా రుజువైందనీ అన్నాడు. కోర్టులో సాక్ష్యం కూడా ఆమే చెప్పాలని కోరాడు.

"ఏ కెమెరా అన్నది తేలింది. ఎప్పుడు తీశారన్నది తేలలేదు."

"టైము ఫోటోలోనే ఉంది."

"కెమెరా గడియారం మనం ఎంత పెడితే అంత చూపిస్తుంది. తేదీ వెనక్కి తిప్పి, కొత్త కార్డు పెట్టి, నంబర్లు ఒకటి నుంచి మొదలుపెట్టమంటే బుద్ధిగా మొదలుపెడుతుంది. ఫోటోలో ఏ మార్పూ చేయలేదని మీ లాబ్ చెబుతుంది, నిజంగానే చేయలేదు కాబట్టి."

"తిప్పాడనడానికి రుజువేది?"

"ఈ చార ఎప్పుడు పడిందో తెలిస్తే రుజువు దొరుకుతుంది."

"అది మీరే కదా మేడమ్ అడిగి తెలుసుకున్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో వెటకారం కూడా లేదు, గెలిచిన మనిషి తీరుబడి ఉంది. "బుధవారం తుడిచానని మీ మెకానిక్కే ఒప్పుకున్నాడు. బుధవారం పడ్డ మరక గురువారం ఫోటోలో ఉంది. లేకపోతే ఆశ్చర్యపోవాలి. నా కేసుని నా కన్నా బాగా బిగించారు, థాంక్స్."

తన ప్రశ్న తిరిగి తన మెడకే చుట్టుకుందని డిటెక్టివ్‌కి తెలుస్తూనే ఉంది. కోపం కూడా వచ్చింది, ఎక్కువ తన మీదే. ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకుని మెట్లు దిగుతూ ఫోన్ తీశాడు. అల్లుడుగారికి శుభవార్త చెప్పాలని అన్నట్టు ఆమెకి లీలగా వినిపించింది.

గదిలో ఇద్దరు ఆడవాళ్లు మిగిలారు. టీ తేవడానికి కిందికి వెళ్లిన పెద్దాయన కూతురు అప్పుడే పైకి వచ్చింది. వాళ్లిద్దరి వాదన ఆమె వినలేదు. స్టేషన్లో మావయ్య ఏం చెప్పాడో ఆమెకి తెలియదు. డిటెక్టివ్ లెన్సు బిగిస్తూ, ఏదో మాటవరసకి అడిగినట్టు, ఈ కెమెరాని మావయ్య ఆఖరిసారి ఎప్పుడు తుడిచాడని అడిగింది.

"సోమవారం" అంది కూతురు. "నేనే ఇచ్చాను."

"ఏ సోమవారం?"

"నాన్న పోయిన తర్వాత వచ్చిన సోమవారం."

డిటెక్టివ్ స్టూలు మీద కూర్చుంది. అంతా మొదటినుంచి చెప్పమంది.

చెప్పడానికి పెద్ద కథేం లేదు. పెద్దాయన చనిపోయే ముందు గిన్నెల దుకాణం ఒకదానికి క్యాటలాగ్ ఫోటోలు తీసిస్తానని మాటిచ్చాడు. అది ఆదివారం రాత్రిలోగా ప్రెస్సుకి వెళ్లాలి. తండ్రి కెమెరా మెట్ల మీద పడి ముక్కలైంది. ఆయన ఆఖరిగా ఇచ్చిన మాట పోకూడదని ఆదివారం ఉదయం కూతురే భర్త కెమెరా తీసుకుని స్టూడియోకి వచ్చింది. భర్త అప్పుడు చుట్టాలని బస్సెక్కించడానికి వెళ్లాడు. తెల్లటి గుడ్డ మీద గిన్నెలు పెట్టి తీసి చూసుకుంటే, ప్రతి ఫోటోలోనూ మచ్చలు. నూలుపోగు ఒకటి మెలిక తిరిగి పళ్లెంలో పడ్డట్టు కనిపిస్తోంది. ఏడుస్తూ, తిట్టుకుంటూ ఒక్కో గిన్నె మీదా ఒక్కో మచ్చా చెరిపి ఆ రాత్రే ప్రెస్సుకి పంపింది. ఆ విసుగుతో మర్నాడు కెమెరా తెచ్చి మావయ్య ముందు పెట్టి, దీన్ని కాస్త తుడిచిపెట్టమంది. అతనికి ఆ రోజు చేతులు స్వాధీనంలో లేవు. ఒకసారి తుడిచి, మళ్లీ తుడవాలమ్మా అన్నాడు. ఆమే పరవాలేదని తీసుకెళ్లి భర్త బ్యాగులో ఎప్పటి చోట పెట్టేసింది. తీసినట్టు గాని తుడిపించినట్టు గాని భర్తకి చెప్పాలని తోచలేదు. ఇంట్లో అప్పుడు ఎవరి దుఃఖంలో వాళ్లున్నారు.

"ఆదివారం తీసినవి, చెరపక ముందువి, ఉన్నాయా?"

ఉన్నాయి. కూతురు తన లాప్‌టాప్‌లో గిన్నెల ఫోటో ఒకటి తెరిచింది. డిటెక్టివ్ లైబ్రరీ ఫోటోని పక్కన పెట్టి, తను ఏమీ చెప్పకుండా, చూడమని సైగ చేసింది. స్టూడియోలో పుట్టి పెరిగిన పిల్లకి విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

గిన్నెల ఫోటోలో ఎడమవైపు నూలుపోగు, మధ్యలో మూడు మచ్చలు ఉన్నాయి. పై అంచు దగ్గర చార లేదు. లైబ్రరీ ఆకాశంలో నూలుపోగు లేదు, ఆ మూడు మచ్చలూ లేవు. చార ఉంది. ఆదివారం దాకా సెన్సర్ మీదున్న నూలుపోగు అంతకుముందు గురువారం కనిపించకపోవడమే ఒక వింత. అది గురువారం తర్వాత పడిందని సరిపెట్టుకున్నా, చార సంగతి అలా సరిపెట్టుకోవడానికి వీల్లేదు. సోమవారం పడిన చార నాలుగు రోజుల ముందు ఫోటోలో ఎలా ఉంటుంది? గిన్నెల ఫోటో తేదీ కూడా కెమెరా మాటే కదా అని ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు. అడగనీ. ఆదివారం రాత్రి ఆ ఫోటోలు అందుకున్న ప్రెస్సు ఉంది, వాళ్ల కంప్యూటర్‌లో అవి చేరిన వేళ ఉంది. ఆ గడియారం ఎవరి చేతిలోనూ లేదు.

కూతురు రెండు ఫోటోలనీ మార్చి మార్చి చూసింది.

"ఇది గురువారం తీసింది కాదు" అంది చివరికి. "నేను తుడిపించాక తీసింది."

అవునంది డిటెక్టివ్.

"అంటే ఆ గురువారం ఆయన లైబ్రరీ దగ్గర లేరు."

డిటెక్టివ్ తల ఊపింది. చెప్పాల్సింది ఇంకోటి ఉంది, అది ఎలా చెప్పినా తేలికవదని ఆమెకి తెలుసు. మెకానిక్‌కి ఈ ఫోటో చూపించిన క్షణంలోనే తన చేతి మరక తను గుర్తుపట్టాడనీ, అప్పటినుంచే మాట మానేశాడనీ చెప్పింది. ఎప్పుడు తుడిచారని అడిగితే సోమవారం అన్న మాట నోటిదాకా వచ్చి ఉంటుందనీ, దాన్ని మింగి బుధవారం అన్నాడనీ చెప్పింది. ఆ ఒక్క అబద్ధంతో అల్లుడికి అడ్డు నిలిచాడు, తను ఉరికి దగ్గరయ్యాడు.

"ఎందుకు?" అంది కూతురు. ఆ ప్రశ్న అడిగిన వెంటనే జవాబు కూడా ఆమెకే తెలిసిపోయినట్టుంది. "నా కాపురం కోసమా?"

అప్పుడు ఏడ్చింది, దాచుకోకుండా, చిన్నపిల్లలా ఏడ్చింది. డిటెక్టివ్ ఆపలేదు. కాస్త తేరుకున్నాక ఆ అమ్మాయి తనంతట తానే మిగతాది చెప్పింది. తండ్రి పాత రోజుల్లో తీసిన భవనాల ఫోటోలని తన భర్త తనవేనని చెప్పుకుని పుస్తకం వేయించుకున్నాడు. దానికి బహుమతి కూడా వచ్చింది. తండ్రికి ఆలస్యంగా తెలిసింది. అల్లుడి పరువు తీయడం ఇష్టం లేక ఊరుకున్నాడు. ఊరుకోవడానికి వీల్లేదని మావయ్య ఆయనతో గొడవపెట్టుకున్నాడు. బుధవారం నాటి గొడవ అదే. గురువారం తండ్రి అల్లుణ్ణి మాట్లాడడానికి పిలిచాడేమో తనకి తెలియదు. పిలిచే ఉంటాడని ఇప్పుడు అనిపిస్తోంది.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ కలిపింది. అతను ఇంకా దారిలోనే ఉన్నాడు. అల్లుడికి చెప్పేశానని, పాపం చాలా సంతోషించాడని చెప్పాడు. ఆ చార గురించి మాత్రం ఎందుకో రెండుసార్లు అడిగాడట, ఎక్కడుంది, ఎలా ఉంది అని. కెమెరా ఇప్పుడు ఎక్కడుందని కూడా అడిగాడట. ఆమె గిన్నెల ఫోటో సంగతి, సోమవారం సంగతి మూడు వాక్యాల్లో చెప్పింది. ఇన్‌స్పెక్టర్ మొండివాడే గాని మూర్ఖుడు కాడు.

"ప్రెస్సు ఏదో చెప్పండి" అన్నాడు. తర్వాత, "బండి వెనక్కి తిప్పుతున్నాను. ఇంకో పని మీద ఊరు దాటేశాను, కొంచెం టైము పడుతుంది. ఆ కెమెరా ఎవరికీ ఇవ్వకండి" అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసి తల తిప్పేసరికి కూతురు బల్ల ముందు నిలబడి ఉంది. కెమెరా లెన్సు విప్పి పక్కన పెట్టింది. సెన్సర్ తెరిచి ఉంది. కుడిచేతి పక్కనే మందు సీసా, తడిపుల్లల ప్యాకెట్లు. అటునుంచి ఇటు ఒక తుడుపు, ఇటునుంచి అటు ఇంకో తుడుపు, అంతే చాలు. ఆ పిల్లకి ఆ పని చిన్నప్పుడే నేర్పి ఉంటారు. చార పోతే మిగిలేవి కాగితం మీది ఫోటోలు, వాటి మీద ఎంతైనా వాదించుకోవచ్చు. అడ్డుకోవాలంటే డిటెక్టివ్ ఒక్క అంగలో అడ్డుకోగలదు. కానీ కదల్లేదు. తప్పయినా సరే, ఆ నిర్ణయం ఆ అమ్మాయిదే కావాలని ఆమెకి అనిపించింది.

కూతురు ప్యాకెట్ ఒకటి చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత దాన్ని చింపకుండానే డబ్బాలో పడేసి, కెమెరాకి మూత బిగించి, రెండు చేతులతో డిటెక్టివ్‌కి అందించింది.

"మావయ్యకి ఇంకెవరూ లేరండీ" అంది.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. భర్త. ఆమె డిటెక్టివ్ వంక చూసి, స్పీకర్ నొక్కి, ఫోన్ బల్ల మీద పెట్టింది. అతని గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. కెమెరా బ్యాగులో లేదని, పోలీసులకి ఇవ్వాల్సి వస్తుందేమో, ఈలోగా ఒకసారి శుభ్రం చేసి పెడదామనుకున్నానని అన్నాడు.

"నా దగ్గరే ఉంది" అంది ఆమె. "శుభ్రం చేయక్కర్లేదండీ. నాన్న పోయిన తర్వాత సోమవారం మావయ్య చేతే తుడిపించాను. మీకు చెప్పడం మర్చిపోయాను."

ఫోన్ కట్టయిందేమోనని డిటెక్టివ్ తెర వంక చూసింది. కట్టవలేదు.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు అతను.

"లేదు."

"ఎక్కడున్నావు?"

"నాన్న స్టూడియోలో."

"ఒక్కదానివేనా?"

డిటెక్టివ్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇన్‌స్పెక్టర్ రావడానికి ఇంకా టైము పడుతుంది. కూతురు ఆ సైగ చూసింది. చూసి, చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఒక్కదాన్నే" అంది. "మీరు రండి."

డిటెక్టివ్ కెమెరాని బ్యాగులో పెట్టి బీరువాలో తాళం వేసింది. గోడకి ఆనించి ఉన్న లైటు స్టాండుని రెండు చేతులా పట్టుకుని తలుపు వెనక్కి నడిచింది.